చేతుల మీద గోధుమ మచ్చలు: ముందు నిమ్మచెక్క పక్కన పెట్టండమ్మా

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. పొదలకూరు దగ్గర మాకు నిమ్మతోట ఉంది. నాలుగైదేళ్ళుగా రెండు చేతుల వెనకవైపు, చెంపల మీద గోధుమ రంగు మచ్చలు వస్తున్నాయి. ఎడమ కణత దగ్గర ఒకటి మాత్రం నల్లగా, కాస్త ఎత్తుగా ఉంది. లివర్ చెడిపోతే ఇట్లా వస్తాయని మా వదిన అంటుంది. షుగర్ ఏమోనని ఇంకొకరు. ఒకావిడ అయితే మా కోడల్ని పక్కకు పిలిచి "కుష్టు కాదు గదా" అని అడిగిందంట. అది విన్నప్పటి నుంచి నలుగురిలోకి పోబుద్ధి కావడం లేదు. రోజూ పొద్దున్నే నిమ్మచెక్కతో రుద్దుకుంటున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు ఒకటి నాలుగు నెలలు ముఖానికి రాశాను. మొదట్లో బాగా తెల్లబడింది. ఆపేసరికి ముఖం ఎర్రబడి మంట, మచ్చలు ముందుకంటే ముదురుగా తేలాయి. బీపీకి మాత్రలు వేసుకుంటాను. కణత దగ్గరిది సున్నం, సోడా కలిపి పెడితే రాలిపోతుందంటున్నారు, పెట్టొచ్చా? నెల్లూరులో లేజర్ చేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. మూడు నెలల్లో మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మిమ్మల్ని బాధపెట్టిన ఆ మాట సంగతి చూద్దాం. మీరు రాసిన తీరును బట్టి ఇవి కుష్టు మచ్చల్లా లేవు. కుష్టు మచ్చ మన ఒంటి రంగు మీద చుట్టుపక్కల చర్మం కంటే పాలిపోయి ఉంటుంది, లేదంటే ఎర్రగా ఉంటుంది. అక్కడ స్పర్శ తగ్గుతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. దీపానికి వాడే దూదిని సన్నని కొసలా మెలిపెట్టి మీ కోడలికి ఇవ్వండి. మీరు కళ్ళు మూసుకోండి. ఆమె ఒకసారి మచ్చ మీద, ఒకసారి పక్కన తాకిస్తుంటే ఎక్కడ తగిలిందో వేలితో చూపించండి. రెండు చోట్లా సమానంగా తెలిస్తే ఆ టెన్షన్ చాలావరకు వదిలేయవచ్చు. తెలియకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కుష్టుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, ఆరు నెలల నుంచి ఏడాది వాడితే నయమవుతుంది. ఆ జబ్బు ఉన్నవాళ్ళ గురించైనా గుసగుసలాడుకోవలసిన పని లేదు.

లివర్‌కూ ఈ మచ్చలకూ సంబంధం లేదు. లివర్ దెబ్బతింటే కళ్ళు పచ్చబడతాయి, కాళ్ళు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది, ఒళ్ళంతా దురద పెడుతుంది. లివర్ శుభ్రమవుతుందని అమ్మే పొడులకు, టానిక్కులకు ఒక్క రూపాయి పెట్టకండి. షుగర్ చర్మం మీద కనిపించే తీరు వేరు. మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా, నల్లగా అవుతుంది. కొందరికి మోకాలి కింద ఎముక మీద చిన్న గోధుమ మచ్చలు వస్తాయి. మీవి అవి కావు. అయినా ఈ వయసులో, బీపీ కూడా ఉంది కాబట్టి, షుగర్ పరీక్ష ఏడాదికోసారి చేయించుకోండి. మచ్చల కోసం కాదు, మీ కోసం.

మరి ఇవేమిటి? ఎక్కువ భాగం ఎండ మచ్చలు. వయసు మచ్చలని అందరూ అంటారు గానీ వయసు ఒక్కటే వీటిని తీసుకురాదు. మీ రవిక చేతిని పైకి లాగి భుజం లోపలివైపు చర్మం చూడండి. దానికీ 58 ఏళ్ళే. అక్కడ ఒక్క మచ్చా ఉండదు. తర్వాత ముంజేతి పైభాగం, వేళ్ళ వెనక చూడండి. తేడా చేసింది ఎండే. చర్మంలో రంగు తయారుచేసే కణాలు ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు అవి మెలనిన్ అనే రంగును తయారుచేసి పక్క కణాలకు పంచుతాయి. ఆ రంగు ఒక్కొక్క కణం నడిబొడ్డున ఉన్న కేంద్రకం మీద గొడుగులా నిలబడి దాన్ని కాపాడుతుంది. ముప్ఫై నలభై ఏళ్ళు రోజూ ఎండలో పనిచేసినవాళ్ళకు కొన్ని చోట్ల ఈ ఏర్పాటు అదుపు తప్పి, రంగు కణాలు పెరిగి, ఎండ ఉన్నా లేకపోయినా రంగు తయారవుతూనే ఉంటుంది. అవే ఈ మచ్చలు. చదునుగా, అంచులు తెలిసేలా, మినపగింజంత నుంచి రూపాయి బిళ్ళంత వరకు ఉంటాయి. వీటివల్ల ప్రాణానికి ఏ హానీ లేదు.

మన నెల్లూరు జిల్లా ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. భూమధ్యరేఖకు 14, 15 డిగ్రీల దూరంలోనే ఉన్నాం. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మే నెల సెగకే ఎండ అని పేరు గానీ, ఆగస్టులో మబ్బు పట్టిన రోజున కూడా ఈ కిరణాలు చాలావరకు కిందికి దిగుతాయి. గడియారం చూడక్కర్లేదు, మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఆ పూట ఎండ చర్మాన్ని గట్టిగానే కొడుతున్నట్టు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద, ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో పనిచేసేవాళ్ళకు పైనుంచి పడే ఎండతో పాటు కింద నీటి నుంచి, ఉప్పు నుంచి తిరిగి కొట్టే వెలుతురు కూడా తోడవుతుంది. ఒంగోలు, కొండపి వైపు పొగాకు చేలల్లో ఆకు కోసే ఆడవాళ్ళ చేతులకూ ఇవే మచ్చలు.

ఇప్పుడు నిమ్మచెక్క. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపింది ఇదే. మన తోటల్లో పండేది పలుచని తొక్క ఉండే కాగితపు నిమ్మ. దాని తొక్కలోని నూనెలో, రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలుతుంది. వెంటనే తెలియదు. మర్నాడో ఆ మర్నాడో ఎర్రబడి మంట పుడుతుంది, కొందరికి బొబ్బలు లేస్తాయి. తర్వాత అదే చోట ముదురు గోధుమ రంగు తేలి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. మంట తక్కువగా ఉన్నవాళ్ళకు మంట గుర్తే ఉండదు, రంగు మాత్రం మిగులుతుంది. మీరు పొద్దున్నే నిమ్మచెక్క రుద్దుకుని తోటలోకి వెళ్తున్నారు. అక్కడ కాయ కోస్తూ, గ్రేడింగ్ చేస్తూ మళ్ళీ అదే రసం చేతులకు అంటించుకుంటున్నారు. మీ చేతుల మీద మచ్చలు కొన్ని గుండ్రంగా కాక చారల్లాగా, రసం కారిన దారిలాగా, వేళ్ళ సందుల్లో కూడా ఉన్నాయా చూడండి. ఉంటే అవి వయసువీ కావు, ఊరికే ఎండవీ కావు, నిమ్మరసానివి.

నిమ్మలో సీ విటమిన్ ఉంది గదా, అది మచ్చలు తగ్గిస్తుంది గదా అని అడుగుతారు. ముఖానికి వాడే సీ విటమిన్ సీరంలను చర్మం తట్టుకునేలా, లోపలికి ఇంకేలా తయారుచేస్తారు. నిమ్మరసం అట్లా ఉండదు. పులుపును కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. మన చర్మం పీహెచ్ 5 చుట్టూ ఉంటుంది, నిమ్మరసానిది 2 చుట్టూ. రోజూ రుద్దితే పైపొర దెబ్బతింటుంది, మన రంగు చర్మం ఆ దెబ్బకు ఇంకా నల్లబడి బదులిస్తుంది. పప్పులోకి పిండండి, మజ్జిగలోకి పిండండి, ఒంటికి మాత్రం వద్దు. తోటపని అయ్యాక అక్కడే బోరు దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. ఇంటికొచ్చాక కడుక్కుందాంలే అనుకుంటే దారిలో ఎండ తగులుతుంది. గ్రేడింగ్ దగ్గర రబ్బరు గ్లౌజులు వేసుకోగలిగితే ఇంకా మంచిది.

ఇంకొక సంగతి, మీ బీపీ మాత్ర. చాలామంది వాడే బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు కలిసి ఉంటుంది. అది కొందరికి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. మాత్రల అట్ట మీద ఆ పేరు ఉందేమో మీ అబ్బాయిని చూడమనండి. ఉంటే మీరంతట మీరు మాత్ర ఆపకండి. బీపీ చూసే డాక్టర్‌కు చెబితే అవసరమైతే మారుస్తారు. అట్లాగే తలకు రంగు వేసుకుంటున్నారా? నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్ళకు నుదురు, కణతలు, చెవుల ముందు నల్లబడతాయి. దురద వచ్చాక నల్లబడితే ఆ అనుమానం పెట్టుకోవాలి.

మచ్చను వేలితో తడిమి చూడటం కూడా నేర్చుకోండి. చర్మాన్ని కొంచెం సాగదీసి, కళ్ళు మూసుకుని, వేలి కొసను మచ్చ మీదుగా మెల్లగా జరపండి. మచ్చ ఎక్కడ మొదలైందో వేలికి తెలియకపోతే అది చదును మచ్చ, ఎండ మచ్చే కావచ్చు. వేలికి అంచు తగిలి, పైన కాస్త గరుకుగా, అతికించినట్టుగా అనిపిస్తే అది వేరే రకం. దాన్ని సెబోరిక్ కెరటోసిస్ అంటారు. అది వయసుతో వచ్చేదే, చాలామందికి ఇంటి వరసలో అమ్మకో నాన్నకో ఉండి ఉంటుంది, హాని లేనిదే. చెంపల మీద రెండు వైపులా ఒకేలా, అంచులు కలిసిపోయి పరుచుకుని ఉంటే అది మంగు. మంగుకు ఎండతో పాటు హార్మోన్లూ కారణమే, వైద్యమూ వేరు. మీ చెంపల మీద ఉన్నది మంగో, ఎండ మచ్చలో, ట్యూబు చేసిన నలుపో ఉత్తరం చదివి తేల్చడం సరికాదు. చర్మ డాక్టర్ డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దం పెట్టి చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే తేలుతుంది.

ఆ ట్యూబు ఇంట్లో ఉంటే పారేయకండి. దాని మీద మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి పేరు ఏదైనా కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. మీరు రాసిన వరస చూస్తే అదే అనిపిస్తోంది: మొదట తెల్లదనం, ఆపితే ఎరుపు, మంట, తర్వాత ముందుకంటే నలుపు. ఇట్లాంటి కలగలుపు క్రీముల్లో ఎక్కువగా మూడు మందులు ఉంటాయి: రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పైపొరను ఊడ్చే ట్రెటినాయిన్, మంట తెలియకుండా చేసే స్టెరాయిడ్. మంగుకు డాక్టర్లు కూడా ఇస్తారు, కానీ వారాల లెక్కన, మధ్యలో చూస్తూ, ఎనిమిది వారాలకు అటూ ఇటూగా ఆపేస్తారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి రాసుకున్నవాళ్ళకు చెంపల మీద నీలినలుపు రంగు పట్టేస్తుంది, దాన్ని పోగొట్టడం మాకు చాలా కష్టం. ఈ గొడవ దేశమంతా ఎక్కువైపోవడంతో 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. చీటీ లేకుండా ఇచ్చిన షాపు తప్పు అది, మీది కాదు. మంట తగ్గుతుంది గదా అని మళ్ళీ అదే ట్యూబు మొదలుపెట్టకండి. పేరు, తయారీ వివరాలు లేకుండా వచ్చే తెల్లబరిచే క్రీముల జోలికీ పోవద్దు. వాటిలో కొన్నింట్లో పాదరసం ఉంటుంది, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఇప్పటికైతే మీ ముఖానికి కావలసింది విశ్రాంతి. ఒక నెల రోజులు వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. ఎరుపు, మంట తగ్గకుండా ఏ మచ్చల క్రీము రాసినా నిప్పు మీద నూనె పోసినట్టే.

వైద్యంలో పెద్ద పని ఎండను ఆపడమే. ముందు చొక్కా, తర్వాతే క్రీము. మన కూలి ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని పనిలోకి దిగుతారు గదా, అది ఎంత తెలివైన పనో చెప్పలేను. తోట మీది అయినా మీరూ అదే చేయండి. గుండీలు మణికట్టు దాకా పెట్టుకోండి. కాయ కోత పొద్దున తొమ్మిదిన్నరకల్లా ముగిసేలా చూసుకోండి, మిగతాది సాయంత్రం నాలుగు తర్వాత. సన్‌స్క్రీన్ కొంటే ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, పక్కన పీఏ అని రాసి మూడు ప్లస్‌లు ఉన్నది తీసుకోండి. 30కీ 50కీ తేడా చాలా తక్కువ, ఎంత రాశారన్నదే ముఖ్యం. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చేతుల వెనకకు వేరే. చెమట పట్టి, కడుక్కునే పనులు కాబట్టి రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మంగు కూడా ఉందని తేలితే చర్మపు రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతుంది, ముఖం మీద తెల్లగా పూసినట్టూ ఉండదు.

ముఖం కుదుటపడ్డాక డాక్టర్ చూసి క్రీములు ఇస్తారు. మన చర్మానికి నెమ్మదైనవి అజెలాయిక్ ఆసిడ్, నియాసినమైడ్, కోజిక్ ఆసిడ్. కాస్త గట్టివి రాత్రిపూట ట్రెటినాయిన్, లెక్క ప్రకారం కొన్ని వారాలు హైడ్రోక్వినోన్. ట్రెటినాయిన్ ముఖమంతటికీ బఠానీ గింజంత చాలు. మీ కోడలు కడుపుతో ఉన్నా, పిలకాయల కోసం చూస్తున్నా ఆ ట్యూబు ముట్టుకోకూడదు. ఏది వాడినా ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు గానీ తేడా తెలియదు. ముఖం కంటే చేతులకు ఇంకా ఆలస్యం. మచ్చ పలచబడుతుంది, పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

మీ అబ్బాయి చెప్పిన లేజర్ మంచి వైద్యమే, చెంప మీద విడివిడిగా ఉన్న ఎండ మచ్చలకు బాగా పనిచేస్తుంది. క్యూ స్విచ్డ్ లేజర్ కొట్టిన చోట పొక్కు కట్టి వారం పది రోజుల్లో రాలుతుంది. తెల్లవాళ్ళకు అంతటితో అయిపోతుంది. మన రంగువాళ్ళకు ఆ చోట కొన్నాళ్ళకు మళ్ళీ నల్లబడే ప్రమాదం ఎక్కువ. మంట ఆరని ముఖం మీద, ఎండలో తిరిగే మనిషికి, ఎండాకాలంలో లేజర్ వద్దు. తర్వాత చేయించుకున్నా ముందు ఒక్క మచ్చ మీద కొట్టించుకుని నెల రోజులు ఆగి చూడండి. లేజర్ పట్టుకునే మనిషి ఎండీ డెర్మటాలజీ, డీవీఎల్, డీడీవీఎల్ వంటి చదువు చదివారా అని అడగండి, అడగడానికి మొహమాటపడకండి. మొత్తం ఎన్ని సిట్టింగులు, ఎంత ఖర్చు అన్నది ముందే రాయించుకోండి. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి రాల్చే పద్ధతి కూడా ఉంది. చలికి రంగు కణాలు తొందరగా చచ్చిపోతాయి కాబట్టి గోధుమ మచ్చ పోయి అక్కడ తెల్ల మచ్చ మిగలవచ్చు. చేతుల మీద చదును మచ్చలకు నేనైతే దాన్ని సిఫారసు చేయను.

కణత దగ్గరి దానికి సున్నం, సోడా వద్దే వద్దు. నల్లజీడి కూడా వద్దు. అవి మచ్చను ఏరి తీయవు, చర్మాన్ని లోతుగా కాలుస్తాయి, పుండు మానాక గుంటో గట్టి మచ్చో శాశ్వతంగా మిగులుతుంది. కన్ను ఎంత దగ్గరో ఆలోచించండి. అన్నిటికంటే ముఖ్యం, అది ఏమిటో తెలియకుండా కాలిస్తే రోగ నిర్ధారణకు ఆధారమే పోతుంది. అది సెబోరిక్ కెరటోసిస్ అయితే మత్తు క్రీము రాసి కాటరీతోనో (కరెంటు వేడితో కాల్చే పరికరం) రేడియో తరంగాల పరికరంతోనో కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. కానీ ముఖం మీద ఎత్తుగా, నల్లగా ఉన్న ప్రతి మచ్చనూ ఒకసారి డాక్టర్ చూడాలి. మన వాళ్ళకు చర్మ క్యాన్సర్ తక్కువే, లేదని కాదు. నల్లగా మెరుస్తూ అంచు ముత్యపు రంగులో ఉబ్బి ఉన్నా, గీకకుండానే రక్తం వచ్చినా, పుండై నెల దాటినా మానకపోయినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, రెండు మూడు నెలల్లోనే పెరిగినా వాయిదా వేయకూడదు. అరికాలులో కొత్తగా వచ్చిన నల్ల మచ్చ, గోరు కింద పొడుగ్గా వచ్చిన నల్ల గీత కూడా ఇంతే. చెప్పుల్లేని ఉత్త కాళ్ళతో పనిచేసే మన వాళ్ళు అరికాలు చూసుకోరు. స్నానం చేసినప్పుడు ఒకసారి చూసుకోండి.

నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ప్రకాశం జిల్లా వాళ్ళకు ఒంగోలులో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలో. ఈ వారంలోనే వెళ్ళండి, కణత మచ్చను మొదట చూపించండి. పౌడర్, క్రీము ఏదీ రాసుకోకుండా వెళ్ళండి. వాడిన ట్యూబు, బీపీ మాత్రల అట్ట, తలకు వేసే రంగు పెట్టె సంచిలో వేసుకుని వెళ్తే సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది. నెలకోసారి కిటికీ వెలుతురులో ఒకే చోట కూర్చుని ఫోన్లో ఫోటో తీయించుకోండి. రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు తెలియదు.

ఇక ఓణీల ఫంక్షన్. మూడు నెలలు తక్కువ సమయం కాదు. నిమ్మచెక్క ఆగి, ఎండ ఆగి, మంట ఆరితేనే మీ ముఖం ఇప్పటికంటే తేటపడుతుంది. మిగిలిన మచ్చల మీద ఆ రోజుకు నారింజ ఛాయ ఉన్న కన్సీలర్ పలచగా అద్ది, పైన మీ రంగుకు సరిపోయే ఫౌండేషన్ వేస్తే గోధుమ రంగు కప్పబడుతుంది. పార్లర్ అమ్మాయికి ఈ మాట చెబితే చాలు. చేతులకు చెట్టు గోరింటాకు రుబ్బి పెట్టుకోండి, నల్లగా పండుతుందని అమ్మే కోన్లు మాత్రం వద్దు, వాటిలో పీపీడీ కలుపుతారు. ముఖానికి బ్లీచ్, కొత్త ఫేషియల్ వంటివి ఫంక్షన్‌కు నెల ముందు నుంచే మానేయండి. ఎవరు ఎంత బలవంతం చేసినా సరే, ఇప్పుడే కుదుటపడుతున్న చర్మం అది.